24 : 36 ఎందుకు 2 : 3 అవుతుంది? చిన్న తరగతుల్లో నిష్పత్తి సూక్ష్మీకరణపై విశ్లేషణ

సంక్షిప్తంగా

నిష్పత్తిని సూక్ష్మ రూపంలో రాయడం చూడటానికి రెండు భాగహారాలతో తేలిపోయే లెక్క. అయినా పది నుంచి పన్నెండేళ్ల వయసు పిల్లలు ఇక్కడ పదేపదే తడబడతారు. భాగహారం సరిగా రాకపోవడం అందుకు ఒక కారణం. రెండు రాశులను తేడాతో కాక రెట్లతో పోల్చే చూపు అప్పటికింకా కుదరకపోవడం అంతకంటే పెద్ద కారణం. గరిష్ఠ సామాన్య భాజకంతో, అంటే రెండు సంఖ్యలనూ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్యతో, కొట్టేసే పద్ధతిని ముందుగా నేర్పితే ఈ రెండో లోపం కొంతకాలం కనబడకుండా ఉంటుంది కానీ తీరదు. సంఖ్యలు మారినా మారకుండా నిలిచేది ఏమిటో ముందు చూపించి, సూక్ష్మీకరణను ఆ తరువాత తేవడం ఎక్కువ ఫలితమిస్తుందని ఈ వ్యాసం వివరిస్తుంది.

ఏ తరగతి పాఠం?

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పటి తల్లిదండ్రులకు నిష్పత్తి అంటే ఆరో తరగతి పాఠం. తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి గణిత పుస్తకంలో అది 11వ అధ్యాయం, ఎన్‌సీఈఆర్‌టీ పాత పుస్తకంలో 12వ అధ్యాయం. 2020 జాతీయ విద్యా విధానం తరువాత, 2024లో ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన ఆరో తరగతి ‘గణిత ప్రకాశ్’లో మాత్రం నిష్పత్తికి ప్రత్యేక అధ్యాయం లేదు. 2025లో వెలువడిన ఎనిమిదో తరగతి పుస్తకంలో అది అనుపాత ఆలోచన (అనుపాతం అంటే రెండు నిష్పత్తుల సమానత్వం) పేరుతో కనిపిస్తుంది. ఒకే వీధిలో ఉంటూ వేర్వేరు బోర్డుల బడులకు వెళ్లే ఇద్దరు ఆరో తరగతి పిల్లల్లో ఒకరికి ఈ లెక్కలు ఇంటిపనిగా వస్తూ, మరొకరికి అసలు రాకపోవడానికి కారణం ఇదే. అలాగని రెండో పిల్లకు నిష్పత్తితో పనే పడదని కాదు. ఆరో తరగతి సాంఘిక శాస్త్రంలో పటం స్కేలు వస్తుంది, అది నిష్పత్తి తప్ప మరొకటి కాదు.

ఇతర దేశాల పాఠ్యప్రణాళికలు పోల్చి చూడదగినవి. అమెరికాలో 2010 నాటి ఉమ్మడి పాఠ్య ప్రమాణాలు (కామన్ కోర్) నిష్పత్తిని ఆరో తరగతిలో మొదలుపెట్టాయి. ఇంగ్లండ్‌లో 2014 నుంచి అమలులో ఉన్న జాతీయ పాఠ్యప్రణాళిక ఇంకాస్త ముందుకు వెళ్లి, పది పదకొండేళ్ల పిల్లలు చదివే ప్రాథమిక విద్య చివరి సంవత్సరంలోనే నిష్పత్తి, అనుపాతాలను ఒక విభాగంగా పెట్టింది. అయితే ఆ సంవత్సరంలో పిల్లలను ప్రధానంగా అడిగేది రెండు రాశుల మధ్య రెట్లను గుర్తించి, తెలియని రాశిని గుణకార భాగహారాలతో కనుక్కోవడం. మధ్యలో రెండు చుక్కలు పెట్టి రాయడాన్నీ, సూక్ష్మ రూపానికి తేవడాన్నీ తప్పనిసరి అంశాలుగా తరువాతి దశలోనే పెట్టారు. మన పాత పాఠాల్లో నిర్వచనం, గుర్తు, సూక్ష్మీకరణ, అనుపాతం అన్నీ ఒకే అధ్యాయంలో, చాలాచోట్ల రెండు మూడు వారాల వ్యవధిలో వచ్చిపడతాయి. పాఠం ఏ వయసులో మొదలవుతుందన్న దానికంటే ఆలోచనకూ గుర్తుకూ మధ్య ఎంత ఎడం ఇచ్చారన్నది ముఖ్యమైన తేడా.

భాగహారం సంగతినీ విస్మరించలేం. గ్రామీణ పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 30.7 శాతమే. ఆరో తరగతిలో 144 : 60ని సూక్ష్మీకరించమని అడిగితే మిగతావారిలో చాలామంది ఆగిపోయేది నిష్పత్తి దగ్గర కాదు, అంతకుముందు మెట్టు దగ్గరే. ఇంత స్పష్టమైన కారణం కళ్లెదుట ఉన్నందువల్లే రెండో కారణం మీద చర్చ తక్కువగా జరుగుతుంది. ఎక్కాలు చక్కగా వచ్చిన పిల్లలు కూడా ఈ పాఠంలో తప్పులు చేస్తారు, ఆ తప్పులు వేరే రకానివి.

తేడా చూసే అలవాటు

1970ల్లో అమెరికా భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ కార్ప్లస్ బృందం పిల్లలకు ఇచ్చిన ఒక చిన్న ప్రశ్న ఈ రంగంలో ఇప్పటికీ తరచుగా ప్రస్తావనకు వస్తుంది. పొట్టివాడి బొమ్మ ఎత్తు 4 గుండీలు, పొడుగువాడిది 6 గుండీలు. అదే పొట్టివాడిని కాగితాల క్లిప్పులతో కొలిస్తే 6 క్లిప్పులు వచ్చాయి. పొడుగువాడి ఎత్తు ఎన్ని క్లిప్పులు? సరైన జవాబు 9. చాలామంది పిల్లలు 8 అన్నారు. గుండీల లెక్కలో పొడుగువాడు రెండు ఎక్కువ కాబట్టి క్లిప్పుల లెక్కలోనూ రెండే ఎక్కువ ఉండాలన్నది వారి తర్కం. 1974–79 మధ్య ఇంగ్లండ్‌లో జరిగిన పెద్ద అధ్యయనంలో కాథ్లీన్ హార్ట్ ఇదే ధోరణిని మాధ్యమిక బడి పిల్లల్లోనూ గమనించారు. ఎనిమిది మందికి సరిపడే సూప్ కొలతలను నలుగురికి మార్చమంటే పిల్లలు సులువుగానే సగం చేశారు. రెట్టింపు, సగం దాటి ముందుకు వెళ్లాల్సి వచ్చినప్పుడు కూడిక మీదికి జారిపోయినవారు చాలామంది. 1980లో జెరాల్డ్ నోల్టింగ్ నారింజ రసం, నీళ్ల గ్లాసులతో ఏ మిశ్రమం చిక్కగా ఉంటుందని అడిగిన ప్రయోగాలూ, ఈ ఆలోచన చాలా ఏళ్ల మీద మెట్టు మెట్టుగా ఎదుగుతుందని చూపాయి.

సూక్ష్మీకరణకు దీనితో సంబంధం ఏమిటి? 24 : 36 కూ 2 : 3 కూ మధ్య సమానత్వం రెట్లలో ఉంది, తేడాలో లేదు. మొదటి జంటలో తేడా 12, రెండో జంటలో 1. తేడాతో పోల్చే పిల్లవాడికి ఈ రెండూ ఎలా ఒకటో అర్థం కాదు. టీచరు చెప్పారు కాబట్టి పన్నెండో ఎక్కంలో కొట్టేస్తాడు, మార్కు కూడా వస్తుంది, కానీ మనసులో ఆ రెండు జంటలూ వేరువేరుగానే ఉంటాయి. అందుకే అదే పిల్లవాడు మరుసటి వారం అనుపాతం లెక్కలో 4 : 6 = 6 : 8 అని రాసినప్పుడు పెద్దలకు వింతగా తోస్తుంది.

కూడిక ఆలోచన తెలివితక్కువతనం కాదని గుర్తుంచుకోవాలి. చాలా సందర్భాల్లో అదే సరైనది. అక్కకు 12 ఏళ్లు, తమ్ముడికి 8 ఏళ్లు ఉన్నప్పుడు వారి వయసుల నిష్పత్తి 3 : 2. నాలుగేళ్ల తరువాత 16, 12 అవుతాయి, నిష్పత్తి 4 : 3కి మారిపోతుంది, తేడా మాత్రం నాలుగే. వయసుల్లో నిలిచేది తేడా, పులుసు పాళ్లలో నిలిచేది రెట్లు. ఈ రెండు రకాల ఉదాహరణలనూ పక్కపక్కన పెట్టి ఏది నిలిచింది, ఏది మారింది అని అడగడం, ఒక్క రకం ఉదాహరణలతో పది లెక్కలు చేయించడం కంటే ఎక్కువ నేర్పుతుంది. మన పాఠ్యపుస్తకాల అభ్యాసాల్లో రెండో రకమే రాజ్యమేలుతుంది. అధ్యాయం పేరే నిష్పత్తి కాబట్టి ఏ పద్ధతి వాడాలో పిల్లలు ఆలోచించాల్సిన అవసరమే రాదు.

సూక్ష్మీకరణలో జరిగేదేమిటి

24 బంతిపూలు, 36 చామంతులు ఉన్నాయనుకుందాం. ఒకే రకమైన చిన్న దండలు వీలైనన్ని ఎక్కువ కట్టాలి, ఒక్క పువ్వూ మిగలకూడదు. పన్నెండు దండలు వస్తాయి, ఒక్కో దండలో రెండు బంతిపూలు, మూడు చామంతులు. ఇది సూక్ష్మీకరణకు మొదటి చిత్రం. మొత్తాన్ని ఒకే పోలిక ఉన్న గుంపులుగా విడదీశాం, ఒక్క గుంపును చూసి మొత్తం స్వభావం చెబుతున్నాం.

అవే పువ్వులను రకం కలవకుండా బుట్టలకెత్తి, ఒక్కో బుట్టలో పన్నెండు పువ్వులు పెడితే బంతిపూలు రెండు బుట్టలు, చామంతులు మూడు బుట్టలు అవుతాయి. ఇది రెండో చిత్రం. ఇక్కడ పువ్వును వదిలేసి బుట్టను కొలమానంగా తీసుకున్నాం. కొలమానం పన్నెండు రెట్లు పెద్దదైంది కాబట్టి కొలత పన్నెండో వంతుకు తగ్గింది, పువ్వులు ఎక్కడికీ పోలేదు.

రెండు చిత్రాల్లోనూ వచ్చేది 2 : 3 అయినా అవి చేసే పని వేరు. మిశ్రమం ఒకటే ఎందుకయిందో మొదటి చిత్రం చెబుతుంది. ఒక్కో భాగం విలువ ఎంతో రెండోది చెబుతుంది. 600 రూపాయలను 2 : 3లో పంచమన్నప్పుడు మొదటి చిత్రం పట్టుకున్న పిల్ల రెండు ఇటు, మూడు అటు పెడుతూ 120 సార్లు పంచాలి. రెండో చిత్రం తెలిసిన పిల్ల మొత్తం ఐదు భాగాలు, ఒక భాగం 120 రూపాయలు, కాబట్టి 240, 360 అంటుంది. సింగపూర్ ప్రాథమిక బడుల్లో వాడే పట్టీల బొమ్మలు ఈ రెండో చిత్రాన్నే కాగితం మీద పెడతాయి. నెదర్లాండ్స్‌లో ప్రాచుర్యం పొందిన నిష్పత్తి పట్టిక మొదటి చిత్రానికి దగ్గరగా ఉంటుంది. 2, 3 కింద 4, 6, ఆ కింద 10, 15 అంటూ గుంపులు పెంచుకుంటూ పోవడం దాని పద్ధతి. తరగతిలో ఈ రెంటినీ పేరు పెట్టి వేరుచేయకుండా ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి దూకడం పిల్లల అయోమయానికి ఒక మూలం. పన్నెండు అన్నది ఒకచోట గుంపుల సంఖ్య, మరోచోట గుంపు పరిమాణం.

పాఠాల్లో సాధారణంగా పట్టించుకోని మరో విషయం దిశ. ఇంట్లో, పనిచోట పిల్లలు ముందుగా వినేది సూక్ష్మ రూపమే. ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ అంటారు, ఒక తట్ట సిమెంటుకు ఆరు తట్టల ఇసుక అంటారు. అక్కడి ప్రశ్న, చుట్టాలు వస్తున్నారు కాబట్టి నాలుగు గ్లాసుల పప్పు పోస్తే రవ్వ ఎంత అని. అంటే 1 : 2 నుంచి 4 : 8 వైపు నడక. బడి దీన్ని తలకిందులు చేసి 4 : 8 ఇచ్చి 1 : 2 అడుగుతుంది. పిల్లలకు ఎరుకైన దిశలో కొంతకాలం నడిపించి, పట్టికను పైనుంచి కిందికి నింపించి, ఆ తరువాత కింది వరుస మాత్రమే ఇచ్చి పై వరుస ఏమై ఉంటుందని అడిగితే సూక్ష్మీకరణ కొత్త విద్యగా కాక తెలిసిన దారిలో తిరుగు ప్రయాణంగా వస్తుంది.

జెండా కొలతలు చెప్పే పాఠం

భారత పతాక నియమావళి ప్రకారం జాతీయ జెండా పొడవు, ఎత్తుల నిష్పత్తి 3 : 2 ఉండాలి. మిల్లీమీటర్లలో 6300 × 4200తో మొదలై 3600 × 2400, 2700 × 1800, 1800 × 1200, 1350 × 900, 900 × 600, 450 × 300, 225 × 150 మీదుగా 150 × 100 వరకు తొమ్మిది ప్రామాణిక పరిమాణాలు నిర్ణయించారు. సూక్ష్మీకరణ పాఠానికి ఇంతకంటే అనువైన జాబితా దొరకడం కష్టం. సంఖ్యలు అసలైనవి, తొమ్మిదీ ఒకే రూపానికి వస్తాయి, ఎందుకు రావాలో కంటికే తెలుస్తుంది. పెద్ద జెండా, చిన్న జెండా ఒకే ఆకారంలో కనబడుతున్నాయంటే పొడవు, ఎత్తుల తేడా సమానమని కాదు. ఆ తేడా ఒకచోట 2100 మిల్లీమీటర్లు, మరోచోట 50. ఆకారం నిలవాలంటే ఏది నిలవాలన్న ప్రశ్నకు ఇక్కడ కొలబద్దతో జవాబు దొరుకుతుంది.

దీనికి ఒక పాత జ్యామితి ఉపాయం కూడా సరిగ్గా అతుకుతుంది. 900 × 600 జెండా ఆకారంలో కాగితం తీసుకుని, అందులోంచి వీలైనంత పెద్ద చదరాన్ని, అంటే 600 × 600 ముక్కను కత్తిరించాలి. 300 × 600 ముక్క మిగులుతుంది. అందులో 300 చదరాలు సరిగ్గా రెండు పడతాయి, ఏమీ మిగలదు. కాబట్టి పొడవునూ ఎత్తునూ శేషం లేకుండా కొలిచే అతి పెద్ద కొలమానం 300. ఆ కొలమానంలో పొడవు 3, ఎత్తు 2. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ తన ‘మూలాలు’ ఏడో భాగం మొదట్లోనే ఈ తీసివేతల పద్ధతిని చెప్పాడు. అదే భాగంలో 33వ ప్రతిపాదన, ఇచ్చిన నిష్పత్తిలోనే ఉండే అతి చిన్న సంఖ్యలను కనుక్కోవడం గురించి. మన పాఠ్యపుస్తకంలో సూక్ష్మ రూపం అంటున్నది అదే.

ఈ పద్ధతికి బోధనలో ఒక అదనపు విలువ ఉంది. తీసివేత వైపు మొగ్గే పిల్లలకు తీసివేత ఎక్కడ పనికొస్తుందో ఇది చూపిస్తుంది. తీసివేతతో దొరికేది కొలమానం, నిష్పత్తి కాదు. ఆ కొలమానంతో రెండు భుజాలనూ కొలిచాకే నిష్పత్తి వస్తుంది.

మన దేశంలోనూ, తెలుగులోనూ ఈ లెక్కలకు పాత చరిత్ర ఉంది. 499 నాటి ఆర్యభటీయంలో త్రైరాశికం ఉంది. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలిసిన మూడు రాశుల నుంచి నాలుగోది రాబట్టే ఈ లెక్కల్లో ముందుగా సూక్ష్మీకరించడం శ్రమ తగ్గించే ఉపాయం. 24 కాయలు 36 రూపాయలైతే 40 కాయలు ఎంత అన్నప్పుడు 36ను 40తో గుణించి 24తో భాగించనక్కర్లేదు. రెండు కాయలు మూడు రూపాయలు, 40లో ఇరవై జతలు, 60 రూపాయలు. సూక్ష్మ రూపం ఎందుకు కావాలో చెప్పకుండా దాన్ని రాయమనే అభ్యాసాల కంటే ఇలాంటి ఒక్క లెక్క పిల్లలకు దాని ఉపయోగాన్ని బాగా చెబుతుంది.

గరిష్ఠ సామాన్య భాజకం ఎప్పుడు?

తరగతిలో రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం (గ.సా.భా.) కనుక్కుని దానితో ఒకేసారి భాగించడం ఒకటి. కనిపించిన ఎక్కంలోనల్లా కొట్టేసుకుంటూ ఇక ఏ ఎక్కంలోనూ రెండూ పోని దాకా రావడం రెండోది. మొదటిది క్లుప్తమైనది, పాఠ్యపుస్తకాలు దానివైపే మొగ్గుతాయి. 1350, 900ల గ.సా.భా. 450 అని ఆరో తరగతి పిల్ల చూసి చెప్పలేదు. కారణాంకాలు రాస్తూ పోతే నిష్పత్తి మాటే మరిచిపోతుంది. రెండో పద్ధతిలో పదితో భాగిస్తే 135 : 90, ఐదో ఎక్కంలో 27 : 18, తొమ్మిదో ఎక్కంలో 3 : 2. మధ్యలో వచ్చిన ప్రతి జంటా అసలు జంటకు సమానమైన నిష్పత్తే అన్నది దారి పొడవునా కనబడుతుంది. చివర్లో వాడిన భాజకాలను గుణిస్తే 10 × 5 × 9, అంటే 450. గ.సా.భా.ను ముందు షరతుగా పెట్టే బదులు ఇలా ఫలితంగా చూపించడం మేలు, తరువాత పెద్ద లెక్కలకు దాన్ని నేరుగా వాడుకోవచ్చు.

రెండో పద్ధతిలో ఉన్న ప్రమాదం మధ్యలో ఆగిపోవడం. 24 : 36ను 12 : 18 దగ్గర వదిలేసేవారు కొందరు, 51 సరిసంఖ్య కాదు కాబట్టి 51 : 34లో ఇక చేసేదేమీ లేదనుకునేవారు మరికొందరు. దీనికీ తేడాలోనే ఒక చిట్కా ఉంది. రెండు సంఖ్యలనూ శేషం లేకుండా భాగించే ఏ సంఖ్యయినా వాటి తేడానూ భాగించి తీరాలి. 51, 34ల తేడా 17, అది ప్రధాన సంఖ్య, కాబట్టి ప్రయత్నించాల్సింది 17 ఒక్కటే. రెండూ అందులో పోతాయి, 3 : 2 వస్తుంది. 35 : 36లో తేడా 1 కాబట్టి అది అప్పటికే సూక్ష్మ రూపం. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ప్రతి 1000 మంది పురుషులకు స్త్రీలు 943 మంది. ఈ 943 : 1000 ఇంకా తగ్గుతుందా? తేడా 57, దాని ప్రధాన కారణాంకాలు 3, 19. రెంటిలోనూ 943 పోదు. కాబట్టి తగ్గదు. పదమూడు, పదిహేడు ఎక్కాలు నోటికి రాని పిల్లలకు ఈ పరీక్ష చాలా కాలం పనికొస్తుంది.

తప్పుల మూలాలు

మిగతా తప్పుల్లో ఎక్కువగా కనిపించేది ప్రమాణాలది. 2 మీటర్లకూ 50 సెంటీమీటర్లకూ నిష్పత్తి అడిగితే 2 : 50 రాసి 1 : 25 అనే జవాబు ప్రతి తరగతిలోనూ వస్తుంది. రెంటినీ సెంటీమీటర్లలోకి మారిస్తే 200 : 50, అంటే 4 : 1. మొదటి జవాబు ప్రకారం రెండు మీటర్ల గుడ్డ అరమీటరు ముక్కలో ఇరవై ఐదో వంతు అవుతుంది. ఆ మాట పైకి చెప్పిస్తే చాలు, పిల్లలే నవ్వి దిద్దుకుంటారు. పటాలు ఇందుకు మంచి సాధన. సర్వే ఆఫ్ ఇండియా స్థలాకృతి పటాల్లో 1 : 50,000 అని ఉన్నచోట పటం మీద రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. కిలోమీటరును 1,00,000 సెంటీమీటర్లుగా మార్చి సూక్ష్మీకరిస్తేనే ఆ స్కేలు వస్తుంది.

వరుస తారుమారు కావడం మరొకటి. 18 మంది బాలికలు, 12 మంది బాలురు ఉన్న తరగతిలో బాలికలకూ బాలురకూ నిష్పత్తి అడిగితే 2 : 3 రాసేవారున్నారు. పుస్తకాల్లోని ఉదాహరణల్లో చిన్న సంఖ్యే ముందు వస్తుంటే చిన్నది ముందు రాయాలన్న నియమాన్ని పిల్లలు తమంతట తామే కల్పించుకుంటారు. 12 : 4ను 3 : 1 అనక ఊరికే 3 అని రాయడం భిన్నాల అలవాటు నుంచి వచ్చేది. మూడు పదాల నిష్పత్తుల్లో 6 : 9 : 10ని 2 : 3 : 10గా రాయడం, రెండు సంఖ్యలకు పనిచేసిన చోటే కొట్టేసి మూడోదాన్ని వదిలేయడం వల్ల వస్తుంది. ఒక్క పదం ఆ ఎక్కంలో పోకపోయినా మిగతావాటిని ముట్టుకోకూడదన్న సంగతిని దండల చిత్రం నియమంగా కాక కారణంగా చెబుతుంది. మూడో రకం పువ్వులు పది ఉంటే, మూడు దండలకు సమానంగా పంచడం కుదరదు.

భిన్నానికీ నిష్పత్తికీ ఉన్న చుట్టరికం వేరుగా చెప్పుకోవాల్సినంత చిక్కైనది. సూక్ష్మీకరణ పద్ధతి రెంటికీ ఒకటే కాబట్టి 2 : 3ను 2/3గా రాయించి పాఠం త్వరగా ముగించడం పరిపాటి. రెండు భాగాలను ఒకదానితో ఒకటి పోల్చినప్పుడు అందులో తప్పేమీ లేదు. కానీ 2 : 3లో కలిపిన పూల దండలో బంతిపూల వంతు 2/3 కాదు, 2/5. భాగానికి భాగంతో పోలిక ఒకటి, భాగానికి మొత్తంతో పోలిక మరొకటి. కూడే దగ్గర ఈ తేడా ఇంకా బయటపడుతుంది. ఒక సెక్షన్‌లో 10 మంది బాలికలు, 20 మంది బాలురు ఉన్నారు, నిష్పత్తి 1 : 2. మరో సెక్షన్‌లో 12 మంది బాలికలు, 18 మంది బాలురు, నిష్పత్తి 2 : 3. రెండు సెక్షన్లూ కలిపితే 22 : 38, అంటే 11 : 19. సూక్ష్మ రూపాలను భిన్నాలుగా కూడితే 7/6 వస్తుంది, దానికి ఇక్కడ అర్థమే లేదు. పదాలను విడివిడిగా కూడితే 3 : 5 వస్తుంది, అదీ తప్పే. సూక్ష్మీకరించిన నిష్పత్తులను అలాగే కలపలేం, ఎందుకంటే కలపడానికి కావలసిన సమాచారం సూక్ష్మీకరణలోనే పోయింది.

సూక్ష్మీకరిస్తే పోయేది

పాఠాలు దాదాపు ఎప్పుడూ చెప్పని విషయం ఇది. సూక్ష్మ రూపం పోలికను నిలుపుతుంది, పరిమాణాన్ని పారేస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతుల్లో ముప్పై మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలంటుంది, అంటే 30 : 1. ఆ చట్టం షెడ్యూలులోనే 60 మంది వరకు పిల్లలున్న బడికి ఇద్దరు టీచర్లుండాలని ఉంది. 30 మంది పిల్లలు, ఒక్క టీచరు ఉన్న బడి నిష్పత్తి లెక్కలో 30 : 1కి సరిగ్గా సరిపోతుంది, షెడ్యూలు లెక్కలో ఒక టీచరు తక్కువ. 60 : 2 అన్నదాన్ని 30 : 1గా మార్చగానే కనీసం ఇద్దరు అన్న షరతు కనిపించకుండా పోతుంది. ఐదు తరగతులనూ ఒకే టీచరు చూసుకునే బడికీ, ఇద్దరు పంచుకునే బడికీ ఉన్న తేడా నిష్పత్తిలో దొరకదు.

కొన్నిచోట్ల సూక్ష్మీకరించకపోవడమే పద్ధతి. స్త్రీ పురుష నిష్పత్తిని ఎప్పుడూ వెయ్యికి ఇంత అనే చెబుతారు. రాష్ట్రాలను పోల్చాలంటే రెండో పదం అన్నిటికీ ఒకటిగా ఉండటం సూక్ష్మ రూపం కంటే ఉపయోగకరం. ఎం20 రకం కాంక్రీటులో సిమెంటు, ఇసుక, కంకర పాళ్లను 1 : 1.5 : 3 అంటారు. బడి నియమం ప్రకారం దీన్ని పూర్ణసంఖ్యల్లో 2 : 3 : 6గా రాయాలి. మేస్త్రీకి మాత్రం మొదటిదే పనికొచ్చేది, ఎందుకంటే అతని లెక్క ఒక బస్తా సిమెంటుతో మొదలవుతుంది. పాఠ్యపుస్తకం అడిగే రూపం అనేక సమాన రూపాల్లో ఒకటనీ, ఏ రూపం ఎంచుకోవాలన్నది పనిని బట్టి ఉంటుందనీ చిన్న తరగతుల్లోనే చెప్పవచ్చు, అందుకు అదనపు గణితమేమీ అక్కర్లేదు.

పరీక్ష ప్రశ్నల ప్రభావం

పరీక్షలో ఏది అడిగితే తరగతిలో అదే నడుస్తుంది. సూక్ష్మ రూపంలో రాయండి అన్న ప్రశ్నకు ఎక్కాలు వస్తే చాలు, నిష్పత్తి అర్థం కానక్కర్లేదు. 24 : 36, 10 : 15 నిష్పత్తుల్లో కలిపిన రెండు రంగులు ఒకేలా ఉంటాయా అని అడిగితే, సూక్ష్మీకరణ పోల్చడానికి సాధనమవుతుంది. 3 : 2 నిష్పత్తిలో ఉన్న రెండు సంఖ్యల తేడా 12 అయితే అవి ఏవి అని అడిగితే తేడానూ రెట్లనూ ఒకే లెక్కలో కలిపి ఆలోచించాలి. 36, 24 అని చెప్పగలిగిన పిల్లకు ఒక భాగం విలువ 12 అన్నది పట్టుబడినట్టే. 24 : 36లో రెండు వైపులా 12 కలిపితే నిష్పత్తి మారుతుందా అన్నది రెండు నిమిషాల నోటి ప్రశ్న. మారదు అన్న జవాబు వస్తే ఆ పిల్ల ఇంకా తేడా లెక్కలోనే ఉందని, 36 : 48 వేసి 3 : 4 చూపించాల్సి ఉందని టీచరుకు వెంటనే తెలుస్తుంది.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల మార్పు వల్ల నిష్పత్తి అధ్యాయం ఎనిమిదో తరగతికి వెళ్లిన బడుల్లో ఈ పాఠానికి ముందు రెండేళ్ల వ్యవధి అదనంగా దొరికింది. గరిష్ఠ సామాన్య భాజకం కొత్త ఏడో తరగతి పుస్తకంలో ఉంది కాబట్టి భాగహారం వైపు నుంచి పునాది గట్టిపడే వీలుంది. రెట్ల ఆలోచనకు అలాంటి ప్రత్యేక అధ్యాయమేదీ మధ్యలో లేదు. ఆరు, ఏడు తరగతుల్లో భిన్నాలు, పటం స్కేలు చెప్పేటప్పుడే దాన్ని కొద్దికొద్దిగా చెప్పకపోతే, ఆరో తరగతిలో కనిపించిన తప్పులే రెండేళ్లు ఆలస్యంగా, బీజగణితం కూడా నెత్తిన పడిన సమయంలో ఎదురవుతాయి. రాష్ట్ర బోర్డు పుస్తకాలతో ఆరో తరగతిలోనే నిష్పత్తి చెప్పే బడుల ఇబ్బంది దీనికి భిన్నం. అక్కడ కావలసింది ఆ అధ్యాయానికి ఇప్పుడిస్తున్న పీరియడ్ల కంటే మరికొన్ని, వాటిలో మొదటి కొన్నింటిని రెండు చుక్కల గుర్తు లేకుండా గడిపే వెసులుబాటు.